లంక గ్రామంలో పరిశోధన కథ: డీ అండ్ డీ నియమాలతోనే ఆడాలా, వేరే సిస్టమ్‌కు మారాలా?

ప్రశ్న: లంకదారి

అందరికీ నమస్కారం. మేము ఐదుగురం హైదరాబాదులో పద్నాలుగు నెలలుగా, రెండు వారాలకొక ఆదివారం, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. కథ చెప్పే గేమ్ మాస్టర్‌ను నేనే. పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నా ఆట మొత్తం తెలుగులోనే సాగుతుంది. మాలో ఇద్దరికి ఇంగ్లిషు రూల్‌బుక్ చదవడం కష్టం కాబట్టి, ఏ కొత్త నియమమైనా నేను చదివి, తెలుగులో చెప్పి, బల్ల మీద ఒకసారి ఆడి చూపించాకే మా ఆటలోకి వస్తుంది.

ఇప్పటి క్యాంపెయిన్ (సెషన్ల వారీగా సాగే కథ) మరో రెండు సెషన్లలో ముగుస్తుంది. తరవాత ఆడదలచిన కథ నేను చాలాకాలంగా మనసులో పెట్టుకున్నది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద గుర్తుండే ఉంటుంది. ఆ వరద తీసిన కొన్ని వారాలకు, దిగువన ఒక కల్పిత లంక గ్రామంలో కథ మొదలవుతుంది. అంతకు రెండేళ్ల ముందు, 1984లో, కరణాల వ్యవస్థ రద్దయింది. మాజీ కరణం ఇంట్లో మిగిలిపోయిన పాత అడంగల్ (భూమి లెక్కల) పుస్తకాలు వరద రాత్రి మాయమయ్యాయి. నది కోసేసిన భూమి ఎవరిది, కొత్తగా మేట వేసిన నేల ఎవరికి చెందాలి అన్న తగాదా తేలాలంటే ఆ పుస్తకాలే దిక్కు. ఆ రాత్రి నుంచి ఒక మనిషి కూడా కనిపించడం లేదు. ఆటగాళ్ల పాత్రలు బడిపంతులు, పడవ నడిపేవాడు, ఆరోగ్య కేంద్రం నర్సు, సెలవులకు ఇంటికొచ్చిన కాలేజీ విద్యార్థి. ఇందులో కత్తియుద్ధాలు లేవు, మంత్రాలు లేవు.

అలవాటైన నియమాలతోనే ఆడదామని గత నెల ఒక సెషన్ ప్రయత్నించాం. పాచిక పారలేదు. కరణం ఇల్లు వెతకడానికి బడిపంతులు ఇన్వెస్టిగేషన్ రోల్ చేస్తే (వెతికే నైపుణ్యానికి పాచిక వేస్తే), 15 కావలసిన చోట కలిపినవన్నీ కలిపి 9 వచ్చింది. తడిసిన కాగితాల కట్ట దొరకలేదు. ఆ కట్ట లేకుండా ముందుకు సాగే దారి నేను సిద్ధం చేసుకోలేదు. ముప్పావు గంట సేపు నలుగురూ అదే ఇంట్లో తిరిగారు. అంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటి ఉంది. నర్సు పాత్ర తీసుకున్నావిడ తన క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు, అంకెలు ఉండే కాగితం) అటూ ఇటూ తిప్పి, "కొట్లాట లేకపోతే ఇందులో నాకు పనికొచ్చేది ఏముంది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వేరే సిస్టమ్‌లలో (నియమావళులలో) కాల్ ఆఫ్ కథుల్హు, గర్ప్స్, ఫేట్ అనే పేర్లు విన్నాను. ఒక పుస్తకం మాత్రమే కొనగలం. కథ పది పన్నెండు సెషన్లు నడుస్తుంది. మా బృందంలో ఒకతనికి లెవెల్ పెరగడం, షీట్ మీద అంకెలు మారడం అంటే ఎంతో ఇష్టం; అతని ఉత్సాహం తగ్గకూడదు. మీరైతే ఏది ఎంచుకుంటారు, ఎందుకు ఎంచుకుంటారు?

సమాధానం: పాతచావడి

మీ కథకు నేను కాల్ ఆఫ్ కథుల్హు సూచిస్తాను. ఆ పేరులోని రాక్షసదేవుణ్ణి, 1920ల అమెరికా వాతావరణాన్ని పూర్తిగా పక్కన పెట్టినా ఆట చెక్కుచెదరదు. 1981లో కేయోసియం సంస్థ దీన్ని మొదట ప్రచురించినప్పటి నుంచి ఇందులోని పాత్రలు వీరులు కారు, మామూలు మనుషులు. లైబ్రేరియన్, డాక్టరు, విలేకరి వంటి వృత్తి నుంచే పాత్ర తయారవుతుంది కాబట్టి మీ నర్సు అడిగిన ప్రశ్నకు షీట్ మొదటి వరుసలోనే జవాబు దొరుకుతుంది.

రెండో కారణం మీరు తెలుగులో ఆడటం. ఇందులో ప్రతి నైపుణ్యం ఒక శాతం. "పాత రికార్డులు చదవడం 60" అని షీట్ మీద ఉంటే, నూరు వరకు వచ్చే పాచికలు వేసి 60 గానీ అంతకు తక్కువ గానీ పడితే పని అయినట్టు. పని కష్టమైనదైతే అందులో సగం, అంటే 30 లోపు పడాలి. అసాధ్యానికి దగ్గరైనదైతే అయిదో వంతు, అంటే 12 లోపు. పరీక్షల్లో మార్కులు చూసుకున్న ఎవరికైనా ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. మా అమ్మగారికి నేను ఇలాగే నేర్పాను. డీ అండ్ డీలోలా మోడిఫైయర్, ప్రొఫిషియెన్సీ బోనస్, డీసీ అన్న మూడు మాటల్నీ విడివిడిగా వివరించాల్సిన అవసరం రాలేదు.

అంకెలు పెరగాలని కోరుకునే మీ మిత్రుడికి ఇందులో లెవెల్స్ ఉండవు. అయితే ఆటలో ఒక నైపుణ్యంతో పని సాధించినప్పుడు దాని పక్కన చిన్న టిక్కు పెట్టుకుంటారు. కథ ఒక మజిలీకి చేరాక ఆ టిక్కులన్నిటికీ మళ్లీ పాచికలు వేస్తారు. ఈసారి ఉన్న శాతం కంటే ఎక్కువ పడాలి. పడితే పది ముఖాల పాచిక వేసి, వచ్చినంత కలుపుకుంటారు. కాబట్టి 30 ఉన్నవాడు త్వరగా నేర్చుకుంటాడు, 80 ఉన్నవాడికి కొత్తగా నేర్చుకోవడం అరుదవుతుంది. ఏ పని చేశాడో ఆ పనిలోనే ఎదుగుతాడు. నాకు ఈ నియమం మీద ఉన్న గౌరవం ఇన్నేళ్లలో తగ్గలేదు. ప్రాణబలం మాత్రం సాధారణంగా పది పన్నెండు చుట్టూనే ఉండి, సెషన్లు గడిచినా పెరగదు. తుపాకి చూస్తే భయపడవలసిన ఆట ఇది.

ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. పాత్ర మనసు ఎంత నిలకడగా ఉందో చూపే శానిటీ అనే కొలతను తెలుగులో చెప్పేటప్పుడు "పిచ్చి" అన్న మాట వాడకండి. వరదలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల కథలో ఆ మాట చాలా మొరటుగా ఉంటుంది. మేము "నిబ్బరం" అంటాం. నిబ్బరం తగ్గిన మనిషి ఏం చేస్తాడన్నది ఆటగాళ్లే నిర్ణయిస్తారు. పుస్తకం కొనేముందు ప్రచురణకర్తలు ఉచితంగా ఇచ్చే క్విక్‌స్టార్ట్ నియమాలు దించుకుని ఒక రాత్రి ఆడి చూడండి.

సమాధానం: మూడోజాడ

పాతచావడి గారు చెప్పిన సిస్టమ్ మంచిదే. కానీ మీ సెషన్ ఆగిపోయిన చోటు అలాగే ఉంటుందని గమనించండి. 60 శాతం నైపుణ్యం ఉన్న బడిపంతులికి పదింట నాలుగుసార్లు కాగితాల కట్ట దొరకదు. డీ అండ్ డీలో ఇరవై ముఖాల పాచిక మీద 5 కలుపుకుని 15 అందుకోవడం 55 శాతం. ఇంత పెద్ద మార్పు చేసి మీరు సంపాదించేది అయిదు శాతమే అవుతుంది.

సరిగ్గా ఈ సమస్య గురించే రాబిన్ లాస్ గమ్‌షూ అనే సిస్టమ్ రాశారు. దాని మీదే 2008లో కెన్నెత్ హైట్ ట్రెయిల్ ఆఫ్ కథుల్హు వచ్చింది. అందులో పరిశోధనకు పాచికలే లేవు. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోటికి వెళ్లి వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది. పాయింట్లు ఖర్చు చేస్తే అదనపు వివరం తెలుస్తుంది. పరుగెత్తడం, దాక్కోవడం, పెనుగులాడటం వంటి వాటికే పాచిక. పరిశోధన కథలో రక్తి ఆధారం దొరకడంలో లేదు, దొరికిన మూడు ఆధారాలను కలిపి చదవడంలో ఉంది అన్నది లాస్ వాదన. నాలుగేళ్లుగా ఇలాంటి కథలు నడిపిన నాకు అది నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది. పాయింట్ల ఖర్చు కొందరికి చిట్టా రాసినట్టు అనిపిస్తుందని కూడా చెప్పాలి. మా బల్ల దగ్గర ఇద్దరు చివరి సెషన్ దాకా పాయింట్లు దాచుకునే ఉండిపోయారు.

పుస్తకం కొనకపోయినా ఈ పద్ధతిని ఏ సిస్టమ్‌లోనైనా వాడుకోవచ్చు. దీనితో పాటు, ఆటగాళ్లు చేరవలసిన ప్రతి నిర్ధారణకూ కనీసం మూడు ఆధారాలు మూడు వేర్వేరు చోట్ల పెట్టండి. అడంగల్ మాయమైందన్న సంగతి కరణం ఇంట్లోని ఖాళీ భోషాణం చెప్పవచ్చు, రేవులో పడవ లెక్కలు చెప్పవచ్చు, ఆరోగ్య కేంద్రంలో ఆ రాత్రి చేయి తెగి కట్టు కట్టించుకున్న మనిషి చెప్పవచ్చు. అప్పుడు నర్సుకు, పడవవాడికి కూడా తమ వంతు దొరుకుతుంది.

సమాధానం: రెండుపాచికలు

సిస్టమ్ పేరు చెప్పేముందు మిమ్మల్ని ఒక మాట అడగాలి. పుస్తకాలు ఎవరు తీశారో మీకు ఇప్పటికే తెలుసా? తెలిస్తే పై ఇద్దరూ చెప్పినవి మీకు సరిపోతాయి. తెలియకపోతే, లేదా తెలియకుండా ఉండటానికి మీరు సిద్ధపడితే, ఇంకో దారి ఉంది.

2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్ నుంచి ఒక పెద్ద కుటుంబమే పుట్టింది. వీటిలో రెండు మామూలు పాచికలు వేసి పాత్రకున్న అంకె కలుపుతారు. 10 గానీ అంతకు ఎక్కువ గానీ పడితే అనుకున్నది జరుగుతుంది, 7 నుంచి 9 మధ్యలో పడితే జరుగుతుంది గానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి, 6 గానీ అంతకు తక్కువ గానీ పడితే గేమ్ మాస్టర్ కథను మలుపు తిప్పుతారు. ఏమీ కలపకపోతే పూర్తి విజయం 36లో 6 సార్లే వస్తుంది, మధ్యరకం 15 సార్లు, మలుపు 15 సార్లు. "దొరకలేదు, మళ్లీ వెతకండి" అన్న ఫలితానికి ఇందులో చోటే లేదు. మీ ముప్పావు గంట ఇక్కడ పుట్టదు.

ఈ కుటుంబంలోని బ్రిండిల్‌వుడ్ బే పరిశోధనను మరింత దూరం తీసుకువెళ్లింది. అందులో నేరం ఎవరు చేశారో ముందుగా రాసి ఉండదు. గేమ్ మాస్టర్ దగ్గర ఆధారాలు మాత్రమే ఉంటాయి. ఆటగాళ్లు వాటిని పేర్చి, తమలో తాము వాదించుకుని ఒక సిద్ధాంతానికి వచ్చాక, వాడిన ఆధారాల సంఖ్యను కలిపి, రహస్యం ఎంత చిక్కనిదో అంత తీసివేసి పాచికలు వేస్తారు. బాగా పడితే ఆ సిద్ధాంతమే నిజమవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకిది మోసంలా తోచింది. ఆడాక చూస్తే, నలుగురు మనుషులు ఒక ఊరి గురించి గంటసేపు అంత శ్రద్ధగా మాట్లాడుకోవడం నేను వేరే ఏ ఆటలోనూ చూడలేదు. అయితే అంకెలు పెరగాలని కోరుకునే మీ మిత్రుడికి ఇది నచ్చదని నా అంచనా. నిజం ముందే ఉండాలని, దాన్ని తామే పట్టుకోవాలని కోరుకునే ఆటగాళ్లకు కూడా నచ్చదు. ముందుగా వాళ్లను అడిగి తెలుసుకోండి.

సమాధానం: ఎర్రమన్ను

గర్ప్స్, ఫేట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. 1986లో వచ్చిన గర్ప్స్‌లో మూడు పాచికలు వేసి నైపుణ్యం అంకెకు లోపల పడేలా చూస్తారు. 10 ఉంటే 50 శాతం, 12 ఉంటే 74 శాతం, 14 ఉంటే దాదాపు 91 శాతం. మీ కాలానికి, మీ ఊరికి అది సరిగ్గా సరిపోతుంది. కానీ పాత్ర తయారీకే ఒక పూట పడుతుంది, అది కూడా ఇంగ్లిషు జాబితాలు తిరగేస్తూ. మీ బృందానికి వద్దు.

ఫేట్ విషయం వేరు. అందులో పాత్రను వర్ణించే వాక్యాలే నియమాలు. "వరదలో అన్నను పోగొట్టుకున్న పడవవాడు" అని తెలుగులో రాసుకుంటే, ఒక ఫేట్ పాయింట్ ఖర్చు పెట్టి ఆ వాక్యాన్ని వాడుకుని రోల్‌కు 2 కలుపుకోవచ్చు. అదే వాక్యం అతన్ని ఇరుకున పెట్టినప్పుడు పాయింట్ తిరిగి సంపాదించుకోవచ్చు. తెలుగులో ఆడటానికి ఇంత అనువైనది నాకు తెలియదు. భయం, నిస్సహాయత ప్రధానమైన కథల్లో మాత్రం పాత్రలు కావలసినదానికంటే సమర్థులుగా కనిపిస్తాయి.

డీ అండ్ డీ నియమాలను కూడా పూర్తిగా తప్పుపట్టలేను. ఆ రోజు 9 వచ్చినప్పుడు కట్ట దొరికిందని, కానీ వెతికే చప్పుడు పక్కింటివాళ్లు విన్నారని చెప్పి ఉంటే సెషన్ ఆగేది కాదు. నర్సు షీట్‌ను మాత్రం ఏ ఉపాయమూ మార్చలేదు. మీరు మారవలసింది అందుకోసమేనని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం: లంకదారి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రెండుపాచికలు గారి ప్రశ్న నన్ను రెండు రోజులు పట్టుకుంది. పుస్తకాలు ఎవరు తీశారో నాకు తెలుసు, అది మారదు. కనిపించకుండా పోయిన మనిషి ఏమయ్యాడో నాకు నిజంగా తెలియదని ఆ ప్రశ్న వల్లనే గుర్తించాను. మొదటిదాన్ని ఆటగాళ్లు కనిపెట్టాలి. రెండోదాన్ని వాళ్ల సిద్ధాంతానికే వదిలేస్తాను. ఈ మాట నలుగురికీ ముందే చెప్పాను, ఒప్పుకున్నారు.

నిన్న కాల్ ఆఫ్ కథుల్హు క్విక్‌స్టార్ట్ నియమాలతో కరణం ఇంటి ఘట్టాన్నే మళ్లీ ఆడాం. నైపుణ్యాల పేర్లన్నీ చేతితో తెలుగులో రాశాను. కాగితాల కట్ట రోల్ లేకుండానే ఇచ్చేశాను. కరణం కొడుకు తిరిగి వచ్చేలోగా దాన్ని చదవగలరా అన్నదానికే పాచిక వేయించాను. బడిపంతులికి 60 ఉంటే 83 పడింది. పంతం పట్టి, ఈసారి తప్పితే నష్టం తప్పదని తెలిసే రెండోసారి వేశాడు. అదీ తప్పింది. లాంతరు ఒరిగి ఒక పుట కాలిపోయింది, ఆ పుటలో ఏముందో నర్సు ఆ రాత్రి కట్టు కట్టిన మనిషిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. మిగిలిన గంటన్నర ఆవిడదే.

అంకెలంటే ఇష్టపడే మా మిత్రుడు పడవవాడి షీట్ మీద "గోదావరి పోకడ తెలియడం" అన్నదాని పక్కన టిక్కు పెట్టుకుని, దాన్ని ఎప్పుడు వేయనిస్తారని వెళ్లేముందు రెండుసార్లు అడిగాడు. పుస్తకం కొంటున్నాం.