ఇన్‌షర్ట్ చేసుకున్నప్పుడు పిస్తోలు ఎలా పెట్టుకోవాలి? టెక్సాస్‌లో ఉన్నవారి సలహా కావాలి

ప్రశ్న – హ్యూస్టన్ ఫార్మసిస్ట్

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ శివారులో సొంతంగా ఒక చిన్న ఫార్మసీ నడుపుతున్నాను. నాకు అమెరికా పౌరసత్వం ఉంది. టెక్సాస్ ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్‌గన్ లైసెన్సు కూడా తరగతికి హాజరై, పరీక్ష రాసి, గురి పరీక్షలో నెగ్గి తీసుకున్నాను. మత్తుతో కూడిన నొప్పి మందుల కోసం ఫార్మసీల మీద దొంగలు పడే సంగతి ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు. రాత్రి షట్టరు దించి, ఆ రోజు వసూలైన డబ్బు తీసుకుని కారు దాకా ఒంటరిగా నడవవలసి వస్తుంది కాబట్టి పిస్తోలు దగ్గర ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాను.

సెలవు రోజుల్లో చొక్కా బయటికి వదిలేస్తాను కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. దుకాణంలో మాత్రం ఇన్‌షర్ట్ తప్పదు, తెల్లకోటు వేసుకునే అలవాటు నాకు లేదు. కింది అరలోని డబ్బా కోసం వంగితే నడుము వెనుక పిస్తోలు ఆకారం చొక్కా మీద స్పష్టంగా తేలుతోంది, పై అరకు చేయి చాపితే చొక్కా అంచు ప్యాంటులోంచి జారిపోతోంది. ఎలాంటి హోల్‌స్టర్ (పిస్తోలు పెట్టుకునే ఒర) వాడాలి, అవసరమైన క్షణంలో చొక్కా అడ్డు తొలగించుకుని పిస్తోలు తీయడం ఎలా, ఎక్కడికి తీసుకువెళ్లకూడదు అన్నవి అనుభవం ఉన్నవారు చెప్పగలరు. దుకాణం మూసిన తరువాత అప్పుడప్పుడు నేరుగా గుడికి వెళ్తాను, ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఉంది. ఆ రెండు విషయాలు కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

జవాబు – డాలస్ శిక్షకుడు

నమస్కారమండీ. మీరు వాడవలసింది టకబుల్ హోల్‌స్టర్. ఇది ప్యాంటు లోపలి వైపు కూర్చుంటుంది. దీని క్లిప్పుకూ హోల్‌స్టర్ ఒంటికీ మధ్య కిందిదాకా ఒక లోతైన సందు ఉంటుంది, చొక్కా అంచును ఆ సందులోకి దోపాలి. అప్పుడు పిస్తోలు, హోల్‌స్టర్ రెండూ చొక్కా వెనుక ఉండిపోతాయి, బెల్టు మీద క్లిప్పు తల మాత్రమే కనిపిస్తుంది. బెల్టు నల్లది, క్లిప్పు నల్లది అయితే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

హోల్‌స్టర్ విషయంలో రాజీ పడకూడనిది ఒక్కటే: ట్రిగ్గర్ భాగం మొత్తాన్నీ గట్టి పదార్థం కప్పి ఉండాలి. కైడెక్స్ ప్లాస్టిక్ అయినా, మందమైన తోలు అయినా సరే, పిస్తోలు బయటికి తీసినా హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోకుండా తెరుచుకునే ఉండాలి. పలచటి గుడ్డతో చేసిన చవక రకాలు అందుకు పనికిరావు.

బయటికి తేలేది గొట్టం కాదు, పిడి. అందుకే పొట్టి పిడి ఉన్న సన్నటి పిస్తోలు ఇన్‌షర్ట్‌కు నప్పుతుంది. సిగ్ పీ365, గ్లాక్ 43, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ వంటి 9 ఎంఎం పిస్తోళ్లు ఈ అవసరానికే చేసినవి. మీరు నడుము వెనుక భాగాన పెట్టుకుంటున్నట్టున్నారు, వంగినప్పుడు చొక్కా బిగుసుకునేది సరిగ్గా అక్కడే. దాన్ని కుడి తుంటి ఎముక మీదికో, ఇంకా ముందుకు బొడ్డు పక్కకో జరపండి. ముందు వైపు పెట్టుకునే హోల్‌స్టర్లకు క్లా అనే చిన్న రెక్క ఒకటి వస్తుంది. అది బెల్టుకు ఆనుకుని పిడిని పొట్ట వైపు తిప్పుతుంది. దాని ప్రభావం ఎంతో అద్దం ముందు నిలబడి వంగి చూస్తే మీకే తెలుస్తుంది.

బెల్టు మామూలు డ్రెస్ బెల్టు అయితే బరువుకు వంగిపోతుంది, దానితో పిడి ఒంటికి దూరంగా ఒరుగుతుంది. ఇందుకోసమే గట్టిగా చేసిన బెల్టులు దొరుకుతాయి, చూడటానికి మామూలు తోలు బెల్టులాగే ఉంటాయి. ఒంటికి అతుక్కునే లేత రంగు పలచటి చొక్కాల బదులు ముదురు రంగువో, గళ్లవో, కాస్త వదులుగా, పొడవుగా ఉన్నవి తీసుకోండి. దోపుకున్న తరువాత రెండు చేతులూ పైకెత్తి దించితే నడుము దగ్గర గుడ్డ కొంచెం ఉబ్బుతుంది. ఆ వదులు ఆకారాన్ని దాస్తుంది, పై అరకు చేయి చాపినప్పుడు చొక్కా ఊడిపోకుండానూ కాపాడుతుంది.

ఇక తీయడం. ఎడమ చేత్తో పిస్తోలుకు సరిగ్గా పైనున్న గుడ్డను గుప్పిట నిండా పట్టుకుని ఒక్క ఊపున ఛాతీ దాకా లాగాలి. అది పైనే ఉండగా కుడి చేతితో పిడిని పూర్తిగా పట్టుకున్న తరువాతే పైకి తీయాలి. సగం లాగి వదిలితే గుడ్డ పిడి మీద పడుతుంది. చొక్కా బయట వదిలినప్పటి కంటే ఇది నిదానమైన పద్ధతే, రెండు చేతులూ కావాలి. ఆ సంగతి ముందే తెలుసుకుని సాధన చేయాలి. సాధన ఖాళీ పిస్తోలుతోనే జరగాలి, తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది తిరిగి లోపల పెట్టడం గురించి. లోపలికి జారిన చొక్కా అంచు ట్రిగ్గర్ ముందు ఇరుక్కున్నప్పుడు పిస్తోలును బలంగా నొక్కితే ఆ గుడ్డే వేలు చేసే పని చేస్తుంది. అప్పుడు తూటా దిగేది తొడలోకి. అందువల్ల ఇన్‌షర్ట్ వాడేవారు ఉదయం పిస్తోలును ముందుగా విడి హోల్‌స్టర్‌లో పెట్టి, ఆ తరువాత రెండింటినీ కలిపి నడుముకు తగిలించుకోవాలి. రాత్రి కూడా రెండింటినీ కలిపే తీసేయాలి. మరుగుదొడ్డిలో దాన్ని బయటికి తీసి అర మీదో, నీళ్ల ట్యాంకు మీదో పెట్టకండి. మరిచిపోయి వచ్చేవారు నిజంగా ఉంటారు, తరువాత లోపలికి వెళ్లేది ఒక పిల్లవాడు కావచ్చు.

జవాబు – అట్లాంటా మోటెల్ యజమాని

శిక్షకుడు గారు చెప్పినవన్నీ సరైనవే గాని, కౌంటరు వెనుక ఎత్తు స్టూలు మీద గంటల తరబడి కూర్చునేవారికి, అందులోనూ కొంచెం పొట్ట ఉన్నవారికి, బొడ్డు పక్కన పిస్తోలు నరకమే. వదులుగా ఉన్న ప్యాంటు ముందు జేబులో, జేబుకే సరిపోయే హోల్‌స్టర్‌లో చిన్న పిస్తోలు పెట్టుకుంటే చొక్కాతో పనే ఉండదు. రూగర్ ఎల్‌సీపీ ఖాళీగా ఉంటే సుమారు 270 గ్రాములే తూగుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్‌లో ఐదు తూటాలు పడతాయి, దాని ట్రిగ్గర్ నొక్కడానికి బలం కావాలి, పైకి పొడుచుకు వచ్చే హ్యామర్ ఉండదు కాబట్టి గుడ్డకు చిక్కుకోదు. ఆ జేబులో తాళాలు, చిల్లర, ఇంకేవీ ఉండకూడదు. కూర్చున్నప్పుడు జేబులోంచి తీయడం కష్టమన్నది మాత్రం నిజం. మీ భయం కారు దాకా నడిచే దారి గురించి కాబట్టి జేబు పద్ధతి మీకు సరిపోతుందని నా అభిప్రాయం.

జవాబు – ఆస్టిన్ సభ్యుడు

చట్టం సంగతులు నేను చెబుతాను. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయినా మీ లైసెన్సును వదులుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం పాఠశాలకు 1,000 అడుగుల లోపు తుపాకీతో ఉండటం నేరం, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. మన ఊళ్లలో పాఠశాల పక్క నుంచి పోని రోడ్డు ఏది? వేరే రాష్ట్రాలకు వెళ్లినప్పుడు కూడా ఆ లైసెన్సు పనికొస్తుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం దాన్ని గుర్తించవు.

తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే, తలుపు దగ్గర 30.05, 30.06, 30.07 అనే అంకెలు ఉన్న బోర్డులను చదవడం అలవాటు చేసుకోండి. లైసెన్సు ఉన్నవారు దాచుకుని వెళ్లడాన్ని ఆపేది 30.06. ఎర్ర అక్షరాలలో 51% అని ఉంటే ఆదాయంలో ఎక్కువ భాగం అక్కడే తాగే మద్యం మీద వచ్చే చోటు అని అర్థం, అక్కడికి తీసుకువెళ్లకూడదు. న్యాయస్థానాలు, ఫెడరల్ కార్యాలయాలు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన భాగం కూడా అంతే. చొక్కా జారి పిస్తోలు కాసేపు కనిపించినంత మాత్రాన, అది హోల్‌స్టర్‌లో ఉంటే, టెక్సాస్‌లో నేరం కాదు. కౌంటరు ముందు నిలబడిన రోగికి అది కనిపిస్తే కలిగే భయం వేరే విషయం, అందుకే మీరు దాచాలనుకోవడం సరైనదే.

ఇది చదువుతున్న తెలుగువారందరికీ ఒక మాట. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, ఒక్క తూటా గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్ర చట్టం ఎంత ఉదారంగా ఉన్నా దీన్ని మార్చలేదు, కాబట్టి టెక్సాస్‌లో లైసెన్సే అవసరం లేదట కదా అని ఎవరూ అనుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. ఫార్మసిస్ట్ గారూ, మీ దగ్గర పని చేసేవారిలో అలాంటి వీసా మీద ఉన్నవారు ఉంటే, ఒక్క నిమిషం పట్టుకోమని కూడా వారి చేతికి మీ పిస్తోలు ఇవ్వకండి. వారి కొలువు, వీసా, భవిష్యత్తు అన్నీ ప్రమాదంలో పడతాయి.

జవాబు – ఫ్రిస్కో నుంచి ఒక గృహిణి

మా వారు కూడా పెట్టుకుంటారు, అందుకే రాస్తున్నాను. గుడికి దయచేసి తీసుకురావద్దు అన్నయ్యగారూ. 30.06 బోర్డు ఉందా లేదా అన్నది తరువాతి సంగతి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, సాష్టాంగ నమస్కారం చేయాలి, అర్చన సమయంలో ఎవరి పిల్లలో వచ్చి ఒళ్లో వాలతారు. వీటిలో ఏ ఒక్కటీ నడుముకు పిస్తోలుతో నిశ్చింతగా చేయలేరు. కారు సీటు కింద చట్రానికి ఉక్కు తీగతో బిగించిన తాళం పెట్టె ఒకటి పెట్టించుకోండి. గుడి పార్కింగులో అందరి ముందూ కాకుండా, దుకాణం దగ్గరే కారు తలుపులు వేసుకుని, హోల్‌స్టర్‌తో సహా అందులో పెట్టేసి బయలుదేరండి.

ఇంట్లో పాప ఉందన్నారు. తూటాలు నింపి సిద్ధంగా ఉన్న తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. అల్మారా పైన, పరుపు కింద, చీరల మధ్య దాచితే పిల్లలకు తెలియదనుకోవడం పొరపాటు. ఇంటికి రాగానే, చెప్పులు విప్పిన వెంటనే, అది తాళం పెట్టెలోకి పోవాలి. మా ఇంట్లో ఇది భోజనానికి ముందు జరిగే పని.

ఇండియా వెళ్లేటప్పుడు కాల్పుల సాధనకు వాడిన సంచిని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్లవద్దు. జిప్పు మడతలో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్ తనిఖీలో బయటపడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు కావచ్చు. ప్రయాణానికి వేరే పెట్టెలు కేటాయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హోల్‌స్టర్ నడుము వెనుక నుంచి కుడి తుంటి మీదికి మార్చి చూశాను, వంగినప్పుడు తేడా కనిపించింది. గుడి విషయంలో చెల్లెమ్మ చెప్పినట్టే చేస్తాను. సిబ్బందిలో ఒకరు ఎఫ్1 మీద ఉన్నారు కాబట్టి పిస్తోలు నా ఒంటి మీద తప్ప దుకాణంలో మరెక్కడా ఉంచను. శిక్షకుడు గారూ, ఇప్పుడున్న ప్యాంటులలో హోల్‌స్టర్ పట్టడం ఇరుకుగా ఉంది. నడుము కొలత ఎంత పెంచాలి?

జవాబు – డాలస్ శిక్షకుడు

ఒకటి రెండు అంగుళాలు పెంచితే చాలు. బెల్టు కూడా ప్యాంటు చీటీ మీది అంకె చూసి కాకుండా, పిస్తోలూ హోల్‌స్టర్ పెట్టుకున్న తరువాత టేపుతో నడుము చుట్టూ కొలిచి తీసుకోండి. కొత్త బెల్టు వచ్చాక ముందుగా ఖాళీ పిస్తోలుతో ఇంట్లో కొన్నాళ్లు వంగుతూ, కూర్చుంటూ, పైకి చేయి చాపుతూ చూసుకుని, క్లిప్పు బెల్టు మీద నుంచి కదలడం లేదని నమ్మకం కుదిరిన తరువాతే దుకాణానికి పెట్టుకు వెళ్లండి.