మోకాళ్ల నొప్పితో నడవలేని అమ్మ బరువు తగ్గడానికి ఫిజియోథెరపీ పనికొస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 54 ఏళ్లు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఒకప్పుడు పీట వేసుకుని కూర్చుని పనసకాయ కొట్టిన మనిషి, మోకాళ్ల నొప్పుల వల్ల రెండేళ్లుగా కుర్చీ దిగడం లేదు. బరువు తగ్గాలి, నడవాలి అని డాక్టరుగారు చెప్పడంతో మహేంద్రతనయ ఒడ్డున రోజూ గంటసేపు నడిచారు. ఎనిమిదో రోజుకు కుడి మోకాలు వాచిపోయి మంచం పట్టారు. ఫిజియోథెరపీ అంటే పక్షవాతం వచ్చినవారికి కరెంటు పెట్టడమే అని మా ఇంట్లో అనుకుంటారు. అది ఇలాంటివారికి కూడా ఉపయోగపడుతుందా?

సమాధానం 1 (రాయగడ, ఫిజియోథెరపిస్టు)

తప్పకుండా ఉపయోగపడుతుందండి. అయితే ఫిజియోథెరపీ నేరుగా కొవ్వును కరిగించదు. నొప్పి వల్ల కూర్చోవడం, కూర్చోవడం వల్ల తొడ కండరం నీరసించి బరువు పెరగడం, ఆ బరువు వల్ల మళ్లీ నొప్పి, ఇలా తిరిగే చక్రాన్ని ఒక చోట ఆపి, మనిషి కదలగలిగేలా చేస్తుంది. మీరిచ్చిన లెక్క ప్రకారం అమ్మగారి బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే కొలత) 34కు దగ్గరగా ఉంది. మన దేశంలో వైద్యులు 25 దాటగానే స్థూలకాయంగా పరిగణిస్తారు. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది కనుక, ఐదు కిలోలు తగ్గినా ఆమెకు తేడా తెలుస్తుంది.

ఇన్నాళ్లు కూర్చున్న మనిషిని మొదటి రోజే గంటసేపు నడిపించడం పొరపాటు. నేనైతే ముందు చేతులు గుండెలకు కట్టుకుని, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతాను. వాపు తగ్గాక, కాళ్లు చాపించి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దానిని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచమంటాను. తొడ ముందు కండరం బిగుసుకోవడం చేతికి తెలియాలి. ఇలా పూటకు పది చొప్పున రోజూ రెండు పూటలా చేయించి, తరువాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆ తరువాత ఐదేసి నిమిషాల నడక మొదలుపెడతాను. కరెంటు యంత్రం నొప్పికి కొంత ఉపశమనం ఇవ్వవచ్చు గానీ, దానితోనే సరిపెట్టుకుంటే బలం రాదు.

సమాధానం 2 (బరంపురం నుంచి)

నాది బట్టల దుకాణం. పన్నెండేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చుని 96 కిలోలకు చేరాను. ఒక వ్యాయామశాలలో చేరిన మొదటి రోజే యాభై గుంజీలు తీయించడంతో నడుము పట్టేసి, నెల రోజులు దుకాణం మూసుకోవలసి వచ్చింది. తరువాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే, నా వ్యాయామం కంటే ముందు నేను రోజంతా ఎలా కూర్చుంటున్నానో అడిగారు. అరగంటకోసారి లేచి, బట్టల తానులు స్వయంగా అరలో సర్దమన్నారు. అన్నం కూడా కొలిచి తినడం మొదలుపెట్టాక, పది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఆహారం మార్చకపోతే వ్యాయామం ఒక్కదానితో ఇంత తగ్గేవాడిని కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎంత నడక సరిపోతుందో, ఎప్పుడు ఆపాలో ఇంట్లో మేమే ఎలా తెలుసుకోవాలి?

సమాధానం 1 రాసినవారు

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అమ్మగారు అక్కడికి చేరడానికి నెలలు పట్టినా ఫరవాలేదు. నడుస్తూ మీతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మరునాడు నొప్పి ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, ఛాతీలో బిగువు అనిపించినా, పిక్కలో వాపు వచ్చినా నడక ఆపించి వెంటనే వైద్యునికి చూపించండి.