సమస్యాపూరణం: దయ్యములను జూచి దడుపు దీరె

నిర్వాహకుడు: మొన్న శని, ఆదివారాలు వనస్థలిపురంలో మా ఇంట్లో ఏడుగురం కూర్చుని ఆరు దయ్యాల సినిమాలు వరసపెట్టి చూశాం. ‘రాత్రి’ (1992)తో మొదలుపెట్టి, మధ్యలో ‘మసూద’ (2022) వేసి, చివరికి ‘ఆనందో బ్రహ్మ’ (2017)తో ముగించాం. వరుస ముఖ్యమండీ. మనుషుల్ని చూసి దయ్యాలే జడుసుకునే సినిమాను ఆఖర్న పెట్టబట్టి మావాళ్లు ఇళ్లకు ఒంటరిగా వెళ్లగలిగారు. అందులోంచి పుట్టిందే ఈ సమస్య. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. మాటలు వాడుకవైనా సరే, గణం (లఘువులు, గురువులు అనే పొట్టి, పొడుగు అక్షరాల కూర్పు) తప్పకూడదు.

బజ్జీల బావ: ఆ ఏడుగురిలో నేనొకణ్ణి. అందుకోండి.

శనియు నాదివార జాగరణము జేసి
నడుమ మిర్చి బజ్జి నమిలి నమిలి
ఆరు చిత్రములకు నలవాటు పడిపోయి
దయ్యములను జూచి దడుపు దీరె.

సూక్ష్మదర్శిని: రెండో పాదం చదువుతుంటే నోరూరింది బావగారూ. రెండు చిన్న సవరణలు. ‘నమిలి’ క్త్వార్థకం, అంటే పని ముగిసిందని చెప్పే అసమాపక క్రియ. దానికి సంధి లేదు, యడాగమం (అచ్చు ముందు ‘య’ చేరడం) రావాలి: ‘యారు చిత్రములకు’. యతికి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన పొత్తుకి, ఏం నష్టం లేదు. రెండోది కాస్త పెద్దది. అలవాటు పడిపోయింది మీరు, తీరింది దడుపు. ‘పడిపోయి’ అన్నాక ఆ పని చేసినవాళ్లే తర్వాతి పనీ చేయాలి కదా, ఇక్కడ కర్త మారిపోయాడు. ‘పడిపోవ’ అంటే సరి.

బజ్జీల బావ: బాగుందండీ! మరి సమస్యలో ‘జూచి’ మాటేమిటి? చూసింది మేము, తీరింది దడుపు. అది నా తప్పా?

నిర్వాహకుడు: దొరికిపోయాను. ఆదివారం అర్ధరాత్రి దాటాక ఇచ్చిన సమస్య, క్షమించండి. ‘దయ్యములను జూడ దడుపు దీరె’ అని మార్చుకోండి. గణాలు అలాగే ఉంటాయి.

నెలాఖరు కవయిత్రి: మార్చిన పాదానికి నా పూరణ.

వాయిదాల బ్యాంకు వారి ఫోనుల కన్న
భూతమెంత? దాని బూచి యెంత?
నవ్వుకొనుచు రేయి నాలుగింటికి మేము
దయ్యములను జూడ దడుపు దీరె.

సూక్ష్మదర్శిని: మొదటి రెండు పాదాలూ చాటువులా నాలుక మీద నిలుస్తాయమ్మా. మూడోది మాత్రం గడియారం చూసి రాసినట్టుంది.

కొత్త కలం: అందరికీ నమస్కారం. ఇదే నా మొదటి పద్యం. మా ఇంట్లో నిజంగా జరిగింది. సినిమా మంచి టెన్షన్‌లో ఉండగా కరెంటు పోయింది. పిల్లలు దుప్పట్లు కప్పుకుని తలుపు చాటు నుంచి వచ్చారు.

కరెంటు పోయె నింట కంగారు మొదలయ్యె
నమ్మ బాబొ యనుచు నందరరువ
ముసుగు దీసి నవ్వు ముద్దు పాపలనెడు
దయ్యములను జూడ దడుపు దీరె.

క, కం యతి కుదిరిందని మురిసిపోయాను. తప్పులుంటే చెప్పండి.

సూక్ష్మదర్శిని: మూడో పాదం రాసిన చేతికి నమస్కారం బాబూ. పిల్లల్నే దయ్యాలు చేశావు. చిక్కంతా మొదటి మాటతోనే. క-రెం-టు అంటే లఘువు, గురువు, లఘువు. ఇక్కడ పాదం మొదట రావాల్సిన సూర్యగణాలు న (మూడు లఘువులు), హ (గురువు, లఘువు) రెండే. లఘువు వెంటనే గురువొస్తే పాదం ఎత్తుకోవడమే కుంటుతుంది. అలాగని కరెంటును తీసేసి ‘విద్యుత్తు’ పెట్టకు, సరదా చచ్చిపోతుంది. దాన్ని మధ్యకు జరిపి రెండు గణాల నడుమ విరువు:

తటుకుమని కరెంటు తన దారి తా బోయె

తటుకు, మనిక, రెంటు. మూడు సూర్యగణాలూ వచ్చేశాయి, త-త యతీ కుదిరింది.

కొత్త కలం: గట్టిగా చదివి చూశానండీ, తేడా తెలిసింది. ఇన్నాళ్లూ మాట పూర్తయిన చోటే గణం పూర్తవ్వాలనుకున్నాను.

పాతకాలపు పంతులు: నేను సినిమాలు చూడను. మా అబ్బాయి స్నేహితులు చూస్తుంటే ఆ చప్పుడుకు పక్క గదిలో నాకు నిద్ర లేదు. ఇదిగో నా అనుభవం.

రేయి నిదుర రాక రెప్ప వాల్చగ లేక
వెలుగు రాగ గుడికి వెళ్ళినపుడు
హారతిచ్చు వేళ నభయ హస్తము తోడి
దయ్యములను జూడ దడుపు దీరె.

నెలాఖరు కవయిత్రి: గుళ్లో దయ్యాలా పంతులుగారూ?

పాతకాలపు పంతులు: దైవము ప్రకృతి, దయ్యము వికృతి తల్లీ. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. తర్వాత పాపం దాని బతుకలా అయిపోయింది.

సూక్ష్మదర్శిని: మూడో పాదంలో హా-అ యతి కూడా హాయిగా పడింది. సమస్యలోని వైరుధ్యాన్ని ఒక్క మాటతో విప్పేశారు. నా ఓటు దీనికే.

నిర్వాహకుడు: నాదీ దీనికే. ఇంతకీ ఆ పక్క గది ఎవరింట్లోదో నాకిప్పుడు అనుమానం వస్తోంది. మా కింది ఫ్లాట్ నుంచి కూడా ఫిర్యాదు వచ్చింది. వచ్చే శనివారం సౌండు తగ్గిస్తాం.

బజ్జీల బావ: సౌండు తగ్గించండి, బజ్జీలు తగ్గించకండి. సవరించిన పద్యం ఇంటికెళ్లి పెడతాను.