వేపచెట్టు నీడలో తీసిన పాప ఫొటో: ఎడిటింగ్‌లో దిష్టిచుక్క కూడా పోయింది, ఎక్కడ ఆపాలి?

గోదారి_నాన్న:
సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పాపని (మూడున్నరేళ్లు) తనకి తెలియకుండా తీసిన ఫొటో ఒకటి భలే కుదిరింది. వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని అరిసె తింటూ ఎవరినో చూసి నవ్వుతోంది. కాకపోతే చెట్టు నీడకి ముఖం చీకటిగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో వచ్చింది. 50 ఎంఎం లెన్స్, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచేది) ఉంది. లైట్‌రూమ్‌లో (ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఎక్కడో దొరికిన స్కిన్ ప్రీసెట్ (ముందే సెట్ చేసిన ఎడిట్) వేసి, మచ్చలు చెరిపే హీలింగ్ తీసుకుని ముఖం మీద కనిపించిన మచ్చలన్నీ చకచకా నొక్కేశా. మా ఆవిడ చూసి "ఇదెవరి పిల్ల? మైనపు బొమ్మలా ఉంది" అంది. అమ్మకి పంపితే "బుగ్గన దిష్టిచుక్క ఏదిరా, నేనే పెట్టానుగా" అని మొదలెట్టింది. అదీ మచ్చే అనుకుని తీసేశానని అప్పుడు తెలిసింది 😅 ఎడిట్ చేసినట్టు తెలియకుండా ముఖం మాత్రం బాగు చేయాలంటే ఏం చేయాలి? వెనకాల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కూడా ఉంది, అదొక తలనొప్పి.

పాత_స్టూడియో:
ముందు ఆ ప్రీసెట్ తీసేయండి, లైట్‌రూమ్ ఒరిజినల్‌ని ముట్టుకోదు కాబట్టి రీసెట్ కొడితే మొత్తం వెనక్కి వస్తుంది, దిష్టిచుక్కతో సహా. ఆకుపచ్చ అంటారా, అది ఆకుల్లోంచి వడగట్టుకుని వచ్చిన వెలుగు, ముఖం మీదే ఎక్కువ తెలుస్తుంది. ఫొటో మొత్తానికి టింట్ (ఆకుపచ్చ-మెజెంటా రంగు సర్దే స్లైడర్) మెజెంటా వైపు జరిపితే వెనకున్న తెల్ల గోడ గులాబీ రంగుకి తిరుగుతుంది. అందుకే ముఖానికి మాత్రం మాస్క్ వేసి (మార్పు అక్కడికే పరిమితమయ్యేలా ఎంచుకుని), అందులోనే టింట్ కొద్దికొద్దిగా జరపండి. అదే మాస్క్‌లో ఎక్స్‌పోజర్ (వెలుగు) 0.3, మహా అయితే 0.5. అంతకు మించితే పిల్ల చెట్టు కింద కాకుండా ట్యూబ్‌లైటు కింద కూర్చున్నట్టుంటుంది. నీడ నీడలాగే ఉండాలి కదండీ. కళ్లకి చాలామంది చేసే తప్పు తెల్లగుడ్డుని వెలిగించడం, చూస్తే భయమేస్తుంది. నల్లగుడ్డుకి మాత్రం పిసరంత వెలుగు చాలు, అందులో ఆకాశం మెరుపు ముందే పడి ఉంటే అదీ అక్కర్లేదు. మూడేళ్ల పిల్ల చర్మానికి స్మూతింగ్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ పని మొదలెట్టి 18 ఏళ్లయింది, మచ్చల విషయంలో నా లెక్క ఒక్కటే: వారంలో పోయేవి (దోమకాటు, ముక్కు కింద తడి, చిన్న గీరుడు) తీసేస్తా, పుట్టుమచ్చల జోలికి వెళ్లను.

రెండు_జడలు:
దోమకాటు సరే గానీ మూతికంటిన అరిసె నూనె, నువ్వులు మాత్రం దయచేసి తీయకండి, ఫొటో అంతా అదేగా! నాకు కెమెరా లేదు, ఫోన్‌లో స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌తోనే కానిస్తా. అందులో సెలెక్టివ్ టూల్ తీసుకుని బుగ్గ మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో ఆ వలయాన్ని ముఖం మేరకు కుదించి, బ్రైట్‌నెస్ 15 దాకా పెంచుతా, అంతే. ఇంకొకటి, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేసి ఉందో లేదో చూసుకోండి, అది తీసేటప్పుడే చర్మాన్ని చెరిపేస్తుంది, తర్వాత ఎవరూ తిరిగి తేలేరు.
అడిగారు కాబట్టి కాదు గానీ చెప్తున్నా, మా చిన్నదాని అన్నప్రాశన ఆల్బమ్‌కి ఫొటోలిచ్చినప్పుడు మేం నోరు తెరవకుండానే స్టూడియోవాళ్లు పిల్లని రెండు ఛాయలు తెల్లగా చేసి ఇచ్చారు. పక్కన నేను నా రంగులో, ఒళ్లో అది ఇంకో రంగులో. అదిప్పుడు ఏడేళ్లది, ఆ ఆల్బమ్ చూసి "అప్పుడు నేను తెల్లగా ఉన్నానా అమ్మా?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

పాత_స్టూడియో:
నిజమేనమ్మా, ఆ తప్పు నేనూ చేశాను, అడిగి మరీ చేయించుకునేవాళ్లు ఇప్పటికీ వస్తారు. లైట్‌రూమ్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ (నారింజ రంగుల వెలుగు సర్దే స్లైడర్) పైకి జరిపితే చాలు, చామనఛాయ పాలిపోతుంది. ఈయన కూడా ఆ స్లైడర్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఎండపొద్దు:
నాకైతే ఇంత తతంగం అవసరం అనిపించదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత పిల్లని చెట్టు అంచుకి, ఆకాశం కనిపించే చోటికి లాక్కొస్తే ఈ పచ్చదనమే ఉండదు.

గోదారి_నాన్న:
లాక్కొస్తే ఆ నవ్వు ఉండదు బ్రో. "ఇటు చూడమ్మా" అంటే చాలు, మావాడి పెళ్లి వీడియోలో చుట్టాల్లా బిగుసుకుపోతుంది.

ఎండపొద్దు:
హహ, అదీ నిజమే. అయితే పిల్లని కాదు, అరిసెల డబ్బా అక్కడ పెట్టు. డ్రమ్ము సంగతేంటంటే, చెరిపితే వెనక గోడ అతుకులు వేసినట్టు తెలుస్తుంది. క్రాప్‌లో పోతే సరే, లేదంటే బ్రష్‌తో దాని మీద సాచురేషన్ (రంగు గాఢత) తగ్గించి కాస్త చీకటి చెయ్, కన్ను అటు పోదు. నీలం రంగు మొత్తం తగ్గించకు, పాప గౌను నీలమైతే అదీ వెలిసిపోతుంది.

గోదారి_నాన్న:
గౌను నీలమే, బతికించావు! ఇప్పుడే మళ్లీ చేశా. టింట్, 0.4 ఎక్స్‌పోజర్, డ్రమ్ము డల్. మా ఆవిడకి చూపిస్తే "ఇందులో ఏం మార్చావ్?" అంది, ఇక కదపను. అమ్మకి 12x18 ప్రింట్ వేయించి పంపుదామనుకుంటున్నా, స్క్రీన్ మీద ఉన్నట్టే వస్తుందా?

పాత_స్టూడియో:
స్క్రీన్ వెలుతురు ఫుల్లుగా పెట్టుకుని ఎడిట్ చేసి ఉంటే ప్రింట్ చీకటిగా వస్తుంది. సగానికి తగ్గించి ఒకసారి చూసుకోండి, ముందు 4x6 ఒకటి వేయించండి. మ్యాట్ పేపర్ అడగండి, గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, మీ అమ్మగారు ఊళ్లో అందరికీ చూపిస్తారుగా.