టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధనలు: ఏది ఎవరి ఖాతాలో వేయాలి?

చర్చావేదికలో చిత్తుప్రతి అనే సభ్యులు అడిగారు:

టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధనల మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. వైద్యం, రసాయనం, కంప్యూటర్ సైన్సు, ఖగోళం, సాహిత్య విమర్శ అన్నీ రావాలి. జాబితా సిద్ధంగా ఉంది: ఇన్సులిన్, మూలకణాలు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) జన్యువు, ఎన్‌పీ-కంప్లీట్‌నెస్ (కొన్ని సమస్యలు కంప్యూటర్‌కి ఎంత కష్టమో చెప్పే సిద్ధాంతం), న్యూరల్ నెట్‌వర్కులు, సిగ్నస్ ఎక్స్-1 (ఎక్స్-కిరణాలు వెదజల్లే ఒక ఖగోళ వస్తువు). రెండు చోట్ల ఆగిపోయాను. వీటిలో చాలా పనులు ఆసుపత్రుల్లోనో వేరే ఊళ్లలోనో జరిగాయి, వాటిని విశ్వవిద్యాలయం పేరిట ఎంతవరకు రాయొచ్చు? రెండోది, పేపర్లు, సైటేషన్లు (ఒక పేపర్ని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నది) లెక్క తీస్తే వైద్యమే మొత్తం ఆక్రమిస్తోంది, మానవీయ శాస్త్రాలు కనిపించడమే లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పరీక్షనాళిక:

ముందు ఒక్కో పనికీ నాలుగు సంగతులు విడివిడిగా రాసుకోండి. పని జరిగిన గది ఎవరిది, చేసినవాళ్లు ఎక్కడ ఉద్యోగులు, ఫలితం అచ్చయింది ఎప్పుడు, అదే కాలంలో ఇంకెవరు చేశారు. ఈ నాలుగూ కలిపి ఒకే వాక్యంలో కుక్కడం వల్లే తప్పులన్నీ వస్తాయి.

ఇన్సులిన్‌కి వేసి చూడండి. 1921 వేసవిలో బాంటింగ్, బెస్ట్ పని మొదలుపెట్టింది విశ్వవిద్యాలయంలో మెక్లియాడ్ ల్యాబులో. డిసెంబరులో జీవరసాయన శాస్త్రవేత్త కొలిప్ చేరాడు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచేయలేదు. చక్కెర కొంతే తగ్గింది, సూది వేసిన చోట గడ్డ కట్టింది. క్లోమం నుంచి తీసిన సారంలో మలినాలు మిగిలిపోవడమే కారణం. కొలిప్ చేసిందేమిటంటే ఆల్కహాల్ పాళ్లు మెల్లగా పెంచుకుంటూ పోవడం. తక్కువ పాళ్లలో మిగతా ప్రోటీన్లు అడుక్కి దిగుతాయి, ఇన్సులిన్ ద్రావణంలోనే ఉంటుంది. 90 శాతం దాటాక అదీ దిగుతుంది. ఆ సారం జనవరి 23న ఇస్తే రక్తంలో చక్కెర 520 నుంచి 120 మిల్లీగ్రాములకు వచ్చింది. కాబట్టి "బాంటింగ్, బెస్ట్ కనిపెట్టారు" అని వదిలేస్తే రోగికి పనికొచ్చిన మందు తీసినవాడి పేరే పోతుంది.

అక్కడితో కూడా అయిపోలేదు. ఎక్కువ మొత్తంలో తయారీకి దిగేసరికి ఆ పద్ధతి కొన్ని వారాల పాటు పట్టు తప్పింది. పెద్ద ఎత్తున శుద్ధి కుదిరింది ఎలీ లిల్లీ కంపెనీలో వాల్డెన్ ఐసోఎలక్ట్రిక్ అవక్షేపణ పద్ధతి (ఆమ్లత్వాన్ని సరిచేసి ఇన్సులిన్‌ని అడుక్కి దింపడం) పట్టుకున్నాక. రుమేనియాలో పౌలెస్కు 1921లోనే క్లోమ సారం ఫలితాలు అచ్చు వేశాడు, అదీ ఒక వాక్యం రాయాల్సిందే. పేటెంటు మాత్రం నిస్సందేహంగా విశ్వవిద్యాలయానిది. బాంటింగ్, బెస్ట్, కొలిప్ తలా ఒక డాలరుకి దాన్ని రాసిచ్చారు.

మూలకణాల విషయంలో టిల్, మెకలక్ పనిచేసింది ఒంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇద్దరూ విశ్వవిద్యాలయ అధ్యాపకులు కూడా. రేడియేషన్‌తో ఎముక మజ్జ దెబ్బతిన్న ఎలుకలకు మజ్జ కణాలు ఎక్కిస్తే పది రోజులకు ప్లీహం మీద బొడిపెలు లేచాయి, దాదాపు పది వేల కణాలకు ఒకటి చొప్పున. 1961లో వచ్చింది ఈ లెక్కే. ఒక్కో బొడిపె ఒక్క కణం సంతానమేనన్న రుజువు 1963లో, బెకర్‌తో కలిసి. రేడియేషన్ వల్ల క్రోమోజోముల్లో పడిన గుర్తులే ఆ రుజువుకి ఆధారం. ఈ రెండు ఏళ్లనూ కలిపేసి "1961లో మూలకణాలను నిరూపించారు" అని రాయకండి.

సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు (1989) సిక్‌కిడ్స్ ఆసుపత్రిలో లాప్-చీ ట్సుయి, జాన్ రియర్డన్ బృందాలు, మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందం కలిసి పట్టుకున్నది. రెండు సంస్థల పేర్లూ ఒకే వాక్యంలో ఉండాలి.

గణనయంత్రం:

పైవారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను: అవార్డు వచ్చిన ఏడు చూసి పనిని సంస్థకి అంటగట్టొద్దు.

న్యూరల్ నెట్‌వర్కుల పరిశోధకుడు హింటన్‌కి 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు ఆయన టొరంటో ఎమెరిటస్ ప్రొఫెసరు. నోబెల్ కమిటీ ముఖ్యంగా ఎత్తిచూపిన బోల్ట్‌జ్‌మన్ మెషీన్ (ఒక రకం న్యూరల్ నెట్‌వర్కు) మాత్రం 1980ల మధ్యలో, ఆయన కార్నెగీ మెలన్‌లో ఉన్నప్పటిది. రుమెల్‌హార్ట్, విలియమ్స్‌తో కలిసి రాసిన 1986 బ్యాక్‌ప్రాపగేషన్ (తప్పుని వెనక్కి పంపి నెట్‌వర్కుకి నేర్పే పద్ధతి) పేపర్ కూడా టొరంటోకి రాకముందుదే. ఆయన టొరంటో చేరింది 1987లో. టొరంటో ఖాతాలో ధైర్యంగా వేయగలిగింది 2006 డీప్ బిలీఫ్ నెట్లు (పొరలు పొరలుగా శిక్షణ ఇచ్చే నెట్‌వర్కులు), 2012 అలెక్స్‌నెట్ (బొమ్మలు గుర్తుపట్టే నెట్‌వర్కు). అలెక్స్‌నెట్‌కి అంకెలు ఇవ్వండి, పాఠకుడికి తేడా ఇట్టే తెలుస్తుంది: 6 కోట్ల పారామీటర్లు, 3 జీబీ మెమరీ ఉన్న రెండు జీటీఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డులు, ఐదారు రోజుల శిక్షణ. బొమ్మలు గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో టాప్-5 తప్పుల శాతం (ఐదు ఊహల్లోనూ సరైన జవాబు లేనివి) 15.3, రెండో స్థానంలో ఉన్నవాళ్లది 26.2.

జాన్ పొలాని సంగతి వేరు. 1986 రసాయన నోబెల్‌కి కారణమైన ఇన్‌ఫ్రారెడ్ కెమిల్యూమినిసెన్స్ పని 1958 నుంచి టొరంటోలోనే నడిచింది. హైడ్రోజన్ పరమాణువు క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ వెదజల్లే బలహీనమైన పరారుణ కాంతిని కొలిచి, చర్యలో వెలువడిన శక్తి ఏయే కంపన స్థాయిల్లోకి పోతోందో చూపించారు. ఇక్కడ అనుమానానికి తావు లేదు, నిశ్చింతగా రాయండి.

ఎన్‌పీ-కంప్లీట్‌నెస్ మీద కుక్ 1971 పేపర్ ఒక సదస్సు పత్రం. జర్నళ్లు మాత్రమే వడపోసే లెక్కలో కంప్యూటర్ సైన్సు చిక్కిపోయేది ఇందుకే. పైగా ఆ పేరుతో కీవర్డ్ సెర్చ్ కొడితే అది దొరకదు, ఆ పేరు తర్వాత పుట్టింది. సోవియట్ యూనియన్‌లో లెవిన్ విడిగా అదే ఫలితానికి చేరి 1973లో ప్రచురించాడు.

సిగ్నస్ ఎక్స్-1కి కూడా ఇదే జాగ్రత్త. అప్పట్లో విశ్వవిద్యాలయానిదైన డన్‌లాప్ పరిశీలనశాలలో 1.88 మీటర్ల టెలిస్కోపుతో బోల్టన్ ఒకవైపు, రాయల్ గ్రీనిచ్ పరిశీలనశాలకు చెందిన వెబ్‌స్టర్, మర్డిన్ మరోవైపు, దాని జంట నక్షత్రపు 5.6 రోజుల కక్ష్యను వేర్వేరుగా పట్టుకుని, అది కృష్ణబిలమేనన్న మాటకి బలమిచ్చారు. రెండు పేపర్లూ 1972 మొదట్లో కొన్ని వారాల తేడాతో వచ్చాయి.

చిత్తుప్రతి:

చాలా ఉపయోగపడిందండీ. హింటన్ పేరా మొత్తం తిరగరాస్తాను. మానవీయ శాస్త్రాల సంగతి?

పాత అచ్చు:

అక్కడ పేపర్ల లెక్క మానేయండి. ఆర్థిక చరిత్రకారుడు హెరాల్డ్ ఇన్నిస్, సాహిత్య విమర్శకుడు నార్త్‌రప్ ఫ్రై, ప్రసార సాధనాల సిద్ధాంతకర్త మార్షల్ మెక్లూహన్ ముగ్గురి ప్రభావమూ పుస్తకాల ద్వారా వచ్చింది. సైటేషన్ డేటాబేసులు జర్నల్ వ్యాసాల చుట్టూ కట్టినవి. ఒక పుస్తకం మరో పుస్తకంలో ఉదహరించబడితే ఆ లంకె వాటికి సరిగా అందదు. పుస్తకాల సమీక్షలు, తర్వాతి తరం వాదించిన తీరు, వేరే శాఖలవాళ్లు ఆ భావనను వాడుకున్న చోట్లు చూడాలి. ఇన్నిస్‌ది మంచి ఉదాహరణ. బొచ్చు, చేపల వ్యాపారం చదువుతూ, ఒక దేశం ఎగుమతి చేసే ముడిసరుకే దాని రవాణానీ పాలననీ మలుస్తుందన్న వాదన కట్టాడు. చివరి ఏళ్లలో అదే చూపుని మట్టిపలక, కాగితం, అచ్చు లాంటి ప్రసార సాధనాల మీదికి తిప్పాడు. మెక్లూహన్ అక్కడి నుంచి అందుకున్నాడు. ఈ వరసని ఒక పేరాలో చూపిస్తే మూడు వేల సైటేషన్లకన్నా బలంగా ఉంటుంది.

దయచేసి ప్రాచీన ఆంగ్ల నిఘంటువుని వదిలేయకండి, దాదాపు అందరూ వదిలేస్తారు. 1970లో టొరంటోలో మొదలై ఇంకా సాగుతోంది. 600 నుంచి 1150 దాకా మిగిలిన ప్రాచీన ఆంగ్ల రాతలన్నిటినీ ముందు కంప్యూటర్ పాఠసంచయంగా పేర్చి, ఆ తర్వాత అక్షరం వెంట అక్షరం పదాల వివరణలు రాస్తున్నారు. అందులో పనిచేసేవాళ్లకి ఏటా "పేపర్లు" ఉండవు, కానీ ఆ రంగంలో ఎవరు ఏ పదం చూడాలన్నా అక్కడికే పోవాలి. ఇలాంటి ఆధార గ్రంథాలకి వ్యాసంలో ఒక విడి భాగం ఇవ్వండి.

సూచిక:

అంకెలు ఎలాగూ కావాలంటే ఓపెన్‌అలెక్స్ అనే పరిశోధన పత్రాల డేటాబేసులో తీయండి, ఉచితం. సంస్థ ఐడీతో మాత్రమే వెతికితే ఆసుపత్రుల పేపర్లు కొన్ని జారిపోతాయి, వాటికి వేరే ఐడీలు ఉన్నాయి. అనుబంధ సంస్థలనూ కలిపి చూపే లీనియేజ్ ఫిల్టర్‌తో ఇంకోసారి తీసి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. ఆ తేడాలో ఆసుపత్రుల వాటా కొంత బయటపడుతుంది. అందులో లేని ఆసుపత్రులని ఐడీ చూసి చేత్తో కలుపుకోవాలి. సైటేషన్లని శాఖకీ ఏడాదికీ సగటుతో భాగించకుండా పోల్చొద్దు, గణితంలో పది అంటే వైద్యంలో పది కాదు. వందల మంది రచయితలున్న పేపర్లకి వాటా లెక్క వేయండి: 500 మందిలో టొరంటోవాళ్లు ఐదుగురైతే 0.01. పాత పేపర్ల రికార్డుల్లో సంస్థ పేరే ఉండకపోవచ్చు, అందుకని అలాంటి ఏళ్లకి డేటాబేసు పట్టిక గీయకుండా, పైవాళ్లు చెప్పినట్టు పేపర్ మొదటి పేజీ చూసి చేత్తో నింపండి.