అడ్రినల్ గడ్డ ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్ ఎప్పుడు మొదలుపెట్టారు?

నమస్తే అండి. మాది గుంటూరు. మా బాబాయికి 54 ఏళ్లు. ఉన్నట్టుండి తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండె దడ వచ్చేవి. టెన్షన్ వల్లేమో అని ఇక్కడొక క్లినిక్‌లో మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మందు) రాశారు. తగ్గాల్సిన బీపీ కాస్తా 210/120కి పోయింది. తర్వాత విజయవాడలో మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష, సీటీ స్కాన్ చేసి, కుడి కిడ్నీ పైనున్న అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉందన్నారు.

అక్కడి డాక్టర్ గారు వివరంగానే చెప్పారు. ఈ గడ్డ అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ విపరీతంగా వదులుతుంది. అవి ఆల్ఫా గ్రాహకాల (కణాల మీద హార్మోన్లు అతుక్కునే చోట్ల) ద్వారా రక్తనాళాలను బిగిస్తాయి, బీటా ద్వారా కొన్నింటిని వదులు చేస్తాయి. బీటాను మాత్రమే ఆపితే ఆ బిగింపుకు ఇక అడ్డు ఉండదు. అందుకని ముందు ఆల్ఫా బ్లాకర్, అది సరిగ్గా పనిచేశాకే బీటా. ఇప్పుడు ప్రజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్ వాడుతున్నాం. ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమన్నారు. ఇన్నాళ్లూ అటకెక్కించిన గోంగూర పచ్చడి జాడీ మళ్లీ కిందికి దిగింది, ఆయన ఆనందం చూడాలి!

సమస్యేంటంటే, బీపీ 130/80కి దిగినా నాడి 110 దగ్గరే ఉంటోంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. దడ తగ్గాలంటే పాత మాత్రలే వేసుకుంటానని బాబాయి ఒకటే గొడవ. పిన్ని ఆ స్ట్రిప్పులు దాచేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ గడ్డ తీసే ఆపరేషన్ జరిగిందా? ఆల్ఫా మొదలైన ఎన్ని రోజులకు బీటా ఇచ్చారు? నిలబడినప్పుడు పై బీపీ ఎంతకు పడితే ఫోన్ చేయమన్నారు? మందులు మేం సొంతంగా మార్చం. సోమవారం డాక్టర్ గారిని ఏమేం అడగాలో తెలిస్తే చాలు.