అప్‌డేట్: జుర్కాట్ కణాలు పచ్చగా వెలిగాయి!

తార్నాకలోని మా ల్యాబ్‌లో జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) జన్యువు మోసే లెంటీవైరస్ (కణాల్లోకి జన్యువులు చేరవేయడానికి వాడే వైరస్) హెచ్‌ఈకే 293టీ అనే మానవ కిడ్నీ కణాల్లోకి వెళ్తోంది, జుర్కాట్ (ల్యాబ్‌లో పెంచే మానవ టీ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు) కణాల్లోకి మాత్రం వెళ్లడం లేదని అడిగాను కదా. పని అయింది, అందరికీ థ్యాంక్స్!

మీరు చెప్పిన స్పినాక్యులేషనే (వైరస్‌ను, కణాలను కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం) కలిసొచ్చింది. మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాముల పాలీబ్రీన్ అనే రసాయనం కలిపి, ప్లేటును 32 డిగ్రీల్లో 800 జి (గురుత్వానికి 800 రెట్ల బలం) దగ్గర 90 నిమిషాలు తిప్పాం. జుర్కాట్‌వి తేలుతూ పెరిగే కణాలు. వైరస్‌ను వాటి దగ్గరికి చేర్చడమే అసలు పని. పాలీబ్రీన్ వైరస్‌కూ కణానికీ మధ్య ఋణావేశాల వికర్షణను తగ్గిస్తుంది. 72 గంటలకు మైక్రోస్కోప్‌లో ఎటు చూసినా పచ్చటి చుక్కలే, ఎంత సంతోషమేసిందో!

ఏఏవీకి (జన్యువులు మోసే మరో చిన్న వైరస్) మారమన్నారు కొందరు. మేం తర్వాత పెట్టబోయే జన్యువు 6 కిలోబేస్‌లు (6 వేల డీఎన్‌ఏ అక్షరాలు), ఏఏవీలో 4.7 దాకానే పడుతుంది. కాబట్టి లెంటీవైరస్సే.

ఇక తర్వాత రక్తం నుంచి తీసిన టీ కణాల్లో చేయాలి. రెట్రోనెక్టిన్ (వైరస్‌ను, కణాలను దగ్గర చేర్చే ప్రొటీన్) వాడినవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.